వదిన అడిగిన పిల్లర్

మా వైపు భవిష్యత్తు చెప్పేది జ్యోతిష్యుడు కాదు, సున్నం రాయి. ఏ చేను గట్టు మీదో, ఏ వాగు ఒడ్డునో పొద్దున్నే ఎవరో ఒక రాయి పాతి, దానికి సున్నం పూసి, పక్కన ఎర్ర గుడ్డ కట్టిన కర్ర గుచ్చి పోతారు. ఇక దండోరా అక్కర్లేదు. రాయికి ఇవతల ఉన్నది పోతుందనీ, అవతల ఉన్నది నిలుస్తుందనీ సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలిసిపోతుంది. కాగితాలు రావడానికి ఏళ్లు పడుతుంది. జనం మాత్రం ఆ రోజు నుంచే ఇంటికి కొత్త పెంకు వేయడం మానేస్తారు, పెరట్లో నిమ్మ మొక్క నాటడం మానేస్తారు. అట్లా రాళ్లు పాతేవాళ్లలో నేనొకణ్ని. బొగ్గు గనిలో సర్వే సెక్షన్ నా ఉద్యోగం.

ఖమ్మం నుంచి భద్రాచలం వైపు పోతుంటే పత్తి చేలు, మిరప చేలు పలచబడి టేకు, ఇప్ప, తునికి మొదలయ్యే చోట మా కాలనీ ఉంది. ఒక పక్క అడవి, ఒక పక్క ఓపెన్‌కాస్ట్ గుంత. పైనున్న మట్టీ రాయీ తవ్వి పక్కన పోసి, అడుగునున్న బొగ్గు తీస్తారు. పక్కన పోసింది గుట్ట అవుతుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు మా గుట్టల్ని చూసి ఏ దేవుడి గుట్ట అని అడుగుతారు. దేవుడికేం సంబంధం లేదు, అవి మేం చేసినవి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగుతుంది, కిటికీలు ఒకసారి గలగలమంటాయి, మా ఆవిడ టీ పెడుతుంది.

నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఒక్కటే దురలవాటు, భవిష్యత్తు కథలు రాయడం. మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ ఇట్లా చెబుతుంది: "ఇయ్యాల కూరగాయలు తెమ్మంటే మర్చిపోతడు గానీ, వేల ఏండ్ల తర్వాత ఏమైతదో మాత్రం గుక్క తిప్పుకోకుండ చెప్తడు." చెప్పనీ. గుంత అంచున నిలబడి ఒకసారి కిందికి చూస్తే ఆమెకూ తెలిసేది. కాలం అరలు అరలుగా కనిపిస్తుంది అక్కడ. పైన చారెడు నల్లరేగడి, దాని కింద ఎర్రమట్టి, దాని కింద ఇసుకరాయి, అడుగున బొగ్గు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక పలక దొరికింది. బూడిదరంగు రాయి మీద ఆకు అచ్చు, ఈనెలతో సహా. మనిషి పుట్టక ముందెప్పుడో రాలిన ఆకు. ఇప్పటికీ మా టీవీ మీద ఉంటుంది, మా ఆవిడ దాని మీద రిమోట్ పెడుతుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. ఈ ఆకును చూడటానికి మేం వచ్చాం సరే, మమ్మల్ని చూడటానికి ఎవరొస్తారు? వచ్చి మా గురించి ఏమనుకుంటారు? నా కథలన్నీ ఆ ప్రశ్న నుంచి పుట్టినవే.

పోయినేడాది ఒక పత్రిక నా కథ వేసింది. ఇంత గొడవా దానితోనే. కథ ఇదీ. మనుషులెవరూ మిగలని కాలంలో, ఇంకెక్కడి నుంచో ఒక బృందం ఈ నేల మీదికి వస్తుంది. యుద్ధానికి కాదు, ఏలడానికీ కాదు. కొలతలు తీసుకోవడానికి. వాళ్ల పెద్ద ఒక ఆవిడ. వాళ్లు మన కొండల్ని తవ్వి చూస్తే లోపలంతా తలకిందులు! కింద ఉండాల్సిన పాత రాయి పైన ఉంది, పైన ఉండాల్సిన కొత్త మట్టి కింద ఉంది. ఏ వానా ఏ భూకంపమూ చేసే పని కాదది. పైగా ప్రతి తలకిందుల కొండ పక్కనా ఒక గుంత. కొండను తీసి గుంతలో పోస్తే సరిపోతుందా అని లెక్క వేస్తారు. తవ్విన మట్టి గుల్లబారి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు లెక్క తీసేస్తే కొంత తక్కువ పడుతుంది. ఆ తక్కువ పడింది ఏమిటి? భూమిని ఇంతగా తిరగేసి ఈ మనుషులు వెతికింది దేనికోసం? దొరికితే ఎక్కడ దాచుకున్నారు? వాళ్లు ఊళ్లు వెతుకుతారు, గుళ్లు వెతుకుతారు, ఎక్కడా కనిపించదు. ఎట్లా కనిపిస్తుంది, మనం కాల్చేశాం కదా. చివరికి ఆమె తన రిపోర్టులో రాస్తుంది: ఈ జాతి ఏదో పోగొట్టుకుని భూమిలో వెతికింది, ఏం పోగొట్టుకుందో మరిచిపోయిన తర్వాత కూడా వెతుకుతూనే ఉంది.

నా మట్టుకు నాకు మంచి కథే. అయితే గుంత ఉండటానికి ఒక చోటు కావాలి కదా. కళ్లు మూసుకుని నేను గీయగలిగిన వాగు మా కాలనీ వెనకదే. కాబట్టి ఆ వాగే రాశాను. వాగు రెండో మలుపు దగ్గర పెద్ద ఇప్పచెట్టు ఉండేదనీ, దాని కింద ఒక మనిషిని పడుకోబెట్టిన బండ ఉండేదనీ, గుంత దాన్ని కూడా మింగిందనీ రాశాను. పని అలవాటు చేతి నుంచి పోదు. మలుపు ఏ దిక్కుకు తిరిగిందో డిగ్రీలతో సహా వేశాను. మీరెవరైనా కథలో వాగును డిగ్రీల్లో చదివారా? మా కాలనీ చదివింది.

"సర్వే సారు ఊకనే రాస్తడా?" అన్నారట సెలూన్లో. "గని ఎక్స్‌టెన్షన్ ప్లాన్ వచ్చి ఉంటది. సారు నోటితోని చెప్పరాదు గదా, గందుకే కథ పేరు పెట్టి రాసిండు." అంతే, గుప్పుమంది. రెండో లైనులో ఒకాయన వంటగదికి టైల్స్ వేయిస్తూ సగంలో ఆపేశాడు. క్యాంటీన్లో పెసరట్టు తింటుంటే ఒకడు వచ్చి, "సార్, మా క్వార్టర్ రాయికి ఇవతలనా, అవతలనా? ఒక్క ముక్క చెప్పున్రి, ఎవ్వరికీ చెప్ప" అని చెవిలో గొణిగాడు. ఒరేయ్, అది వేల ఏళ్ల తర్వాతి సంగతిరా అంటే, "అవ్ సార్, అవ్, మీకు చెప్పరాదు, నాకర్థమైతది" అని కన్ను కొట్టి పోయాడు. ఒళ్లు మండింది నాకు. పెసరట్టు సగంలో వదిలేసి లేచాను.

మేనేజర్ పిలిచాడు. టేబుల్ మీద పత్రిక తెరిచి ఉంది.

"ఇది ఏ ప్రాజెక్టు రిపోర్టుల నుంచి తీసినవయ్యా?"

"ఏ రిపోర్టూ కాదు సార్. కథ."

"కథ అయితే డిగ్రీలెందుకున్నయ్?"

"అలవాటు సార్."

ఆయన పత్రిక మూసేశాడు. "మంచిగుంది గానీ, ఇంకోసారి రాసేటప్పుడు ఏ చంద్రమండలం మీదనో రాయి. అక్కడ మనకు లీజు లేదు" అన్నాడు. దాంతో ఆఫీసులో గొడవ తీరింది. అసలు గొడవ ఇంట్లో నా కోసం కూర్చుని ఉంది.

వదిన వచ్చింది. నా సొంత వదిన కాదు. మా పక్క లైనులో ఉంటుంది. కాలనీలో అందరం నలుమూలల నుంచి వచ్చినవాళ్లమే కాబట్టి వరసలు మేమే కలుపుకున్నాం. ఆమె భర్తను నేను అన్నా అనేవాణ్ని, అందుకని ఆమె వదిన, నేను మరిది. వరసకు తగ్గట్టు నన్ను ఆట పట్టించకుండా ఆమెకు పూట గడవదు. ఆ రోజు మాత్రం ఎకసెక్కం లేదు. పత్రికలో కథను మా ఆవిడే పిట్టగోడ మీదుగా ఆమెకు చదివి వినిపించిందట. ఆ మహాతల్లి ఇప్పుడు వంటింట్లో గిన్నెలు తోముతూ, ఏమీ ఎరగనట్టుంది.

"మరిదీ, మీ అన్నను యాడికి తీస్కపోవాల్నో చెప్పు" అంది వదిన.

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఇప్పచెట్టు కింద బండ అని నేను రాసింది అన్నదే. వాగు మలుపులో ఇంకే సమాధీ లేదు, అందరూ ఊరి అవతల శ్మశానంలో ఉంటారు. ఆయన ఒక్కడే ఇక్కడ ఉంటానని పట్టుబట్టాడు. ఎందుకంటే అక్కడికి గని సైరన్ వినిపిస్తుంది. "ఉన్నదే ఒక్క చెవి, దానికన్న సైరన్ ఇనబడనియ్యుండ్రి" అన్నాడట పోయే ముందు.

అన్న పాత గనుల్లో టింబర్‌మన్. అంటే భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. నేను ట్రైనీగా లోపలికి దిగినప్పుడు ఆయన వెంట తిరిగాను. చేతి కర్రతో కప్పును టక్ టక్‌మని తట్టి, తల వాల్చి ఎడమ చెవితో వినేవాడు. కుడి చెవి బ్లాస్టింగుల్లో ఏనాడో పోయింది. ఒకసారి నేను మంచి చోటు చూసుకున్నానని టిఫిన్ డబ్బా తెరవబోతే, కప్పు తట్టి, "లే" అన్నాడు. మేం జరిగిన కాసేపటికి అక్కడ బండ పడింది. డబ్బా మాత్రం అక్కడే ఉండిపోయింది, అందులో మా అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి. "పైన కప్పును నమ్మకు తమ్మీ, కింద నిలబడ్డ పిల్లర్‌ను నమ్ము" అన్నాడు. పిల్లర్ అంటే బొగ్గు స్తంభం. పాత పద్ధతిలో బొగ్గంతా తీయరు. పైన భూమి నిలబడాలి కాబట్టి మధ్య మధ్య స్తంభాలు వదులుతారు. పైన గుడో, చెరువో, ఊరో ఉందనుకోండి, దాని కిందికి వచ్చేసరికి ఏ మేనేజరైనా చేతులు ముడుచుకోవాల్సిందే. అక్కడ బొగ్గు ముట్టరు. ఏ మ్యాపులో చూసినా ఆ చోటు చుట్టూ గీత గీసి ఉంటుంది.

"యాడికీ తీసుకుపోవద్దు వదినా. అది ఉత్త కథ" అన్నాను.

"కథైతే మీ అన్నను ఎందుకు తీసుకపోయి గుంతల ఏసినవ్?"

ఏం చెప్పను? నాకు తెలిసిన చెట్టు అదొక్కటే అని చెప్పనా?

ఆమె అప్పటికే అన్నీ మాట్లాడేసుకుంది. కాటికాపరిని అడిగిందట. ఎండలు ముదరక ముందే తవ్వి, ఎముకలు కొత్త కుండలో వేసి, పసుపు బట్ట కట్టి ఇస్తానన్నాడట. దమ్మపేట దగ్గర ఆమె తమ్ముడికి పామాయిల్ తోట ఉంది. ఒక మూల జాగా ఇస్తానన్నాడు. చెబుతూ చెబుతూ వదిన ముక్కు చీదింది. "ఆయనకూ మా తమ్మునికీ బతికున్నప్పుడే పడకపోయె. ఇప్పుడు తీసుకపోయి వాని తోటల పెడ్తే ఊకుంటడా? సైరన్ లేదు, ఏం లేదు. మట్టల సప్పుడు తప్ప ఏముంటది ఆడ?"

"అయితే తవ్వకు."

"తవ్వకుంటే మీ మిషన్లు తవ్వుతయ్. మనిషైతే ఎముక ఎముక ఏరుతడు. మిషన్‌కు ఏం తెలుసు?" ఆమె నా చేయి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టేసి చెప్పు. గుంత ఆడికి రాదని చెప్పు. కుండ కొననే కొనను."

ఒక్క మాట. రాదు వదినా అంటే అయిపోయేది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లతోనే చెప్పు చెప్పు అంటోంది. ఇప్పుడైతే ఏ ప్లానూ లేదు, అది నాకు తెలుసు. కానీ నేను రాళ్లు పాతిన ఊళ్లన్నింటికీ ఒకప్పుడు ఏ ప్లానూ లేదు. "నాకు తెలిసినంత వరకు లేదు" అన్నాను.

వదిన చేయి వదిలేసింది. "మీ అన్న కూడా గిట్లనే అంటుండె. కప్పు మంచిగున్నదా అంటే, ఇప్పటికైతే ఉన్నది అంటుండె" అని లేచి వెళ్లిపోయింది. మా ఆవిడ గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టింది. "అబద్ధమాడనీకి కూడ చాతగాదు, కథలు మాత్రం రాస్తడు" అంది. ఆ పూట నాకు కూరలో ఉప్పు తక్కువైంది.

ఆదివారం పొద్దున వదిన ఇప్పచెట్టు దగ్గరికి పోతుందని నాకు తెలుసు. నేనూ పోయాను. ఇప్పపూలు రాలే రోజులు. నేలంతా తెల్లగా పరుచుకుని, తీపి వాసన ముక్కులు అదరగొడుతోంది. అవతలి కోయగూడెం ఆడవాళ్లు బుట్టల్లో ఏరుకుంటూ వాళ్ల భాషలో ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. వాళ్లు బండ మీద పడ్డ పూలు మాత్రం ముట్టరు, అవి ఆయనవి. వదిన ఫ్లాస్కు మూతలో టీ పోసి బండకు ఎడమ పక్కన పెట్టింది. నాకూ పోసింది. చలిరోజుల్లో అయితే జీలుగు కల్లు పోస్తుందట. నాకెన్నడూ పోయలేదు.

"నిద్ర పడ్తలేదు మరిదీ. ఒక ఆలోచన చేసిన" అంది. "నువ్వు రాసింది సదివి కాలనీ అంత మూటలు సదురుకుంటున్నది. అంత బలమున్నది నీ రాతకు. గట్లాంటి రాతల మీ అన్నకు ఒక పిల్లర్ ఇడవలేవా?"

"ఏంది?"

"పిల్లర్. గుడి కింద ఇడుస్తరు గదా, గట్ల. ఆయన బతుకంత వేరేటోళ్ల నెత్తి మీద కప్పు పడకుండ నిలబెట్టిండు. ఆయన కింద ఒక్క పిల్లర్ ఇడిస్తే మీ కథకు ఏం నష్టం?"

నాలోని సర్వేయర్ గయ్‌మని లేచాడు. "వదినా, అది అండర్‌గ్రౌండ్ సంగతి. ఓపెన్‌కాస్ట్‌లో పిల్లర్లుండవు. అంతా పోతుంది. అంత లోతు గుంత మధ్యలో ఒక్క సమాధిని స్తంభం మీద నిలబెడితే మొదటి వానకే కూలిపోతుంది. చదివినోళ్లు నవ్వుతారు."

"వేరే లోకం నుంచి మనుషులొచ్చి మన గుట్టలు తవ్వితే నవ్వరు గానీ, మా ఆయన కింద ఇంత మట్టి ఇడిస్తే నవ్వుతరా?"

నేను టీ తాగాను.

"కంపెనీ మ్యాపు నీ చేతిల లేదు, నాకు తెల్సు. అందుకే ఒట్టెయ్యకపోతివి. మంచిదే" అంది ఆమె, బండ మీది పూలు సర్దుతూ. "ఇదైతే నీ చేతిలున్నది గదా. దీంట్లనన్న ఆయన్ని ఉంచు. గదొక్కటి నా చెవుల పడ్డదంటే నేను తవ్వియ్య. ఆ తర్వాత ఏమైతదో ఆయనే చూసుకుంటడు."

కోపం వచ్చిందని చెప్పాలి. ఆమె మీద కాదు. ఇన్నేళ్లుగా నా కథలకు పెద్ద పెద్ద చదువరులున్నారనుకున్నాను. నాగరికత గురించి రాస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఒక ముసలామె వచ్చి ఆ నాగరికతలో మంచమంత జాగా అడిగితే నా దగ్గర లేదు. ఇంటికొచ్చి డ్రాయింగ్ షీటు పరిచాను. అంతగా రాయాల్సి వస్తే అడ్డదిడ్డంగా రాయను, నిలబడేట్టు రాస్తాను అని మా ఆవిడతో అన్నాను. "ఎవరన్న వద్దన్నరా?" అంది.

గుంతకు ఒక పద్ధతి ఉంటుంది. గోడలు నిటారుగా నిలబడవు, మెట్లు మెట్లుగా దిగాలి. ఎంత లోతు పోవాలంటే పైన అంత వెడల్పు తవ్వాలి. మధ్యలో ఒక ముక్క వదిలినా అంతే. పైన సన్నగా ఉన్నా కింద వెడల్పుగా ఉండాలి. బండ చుట్టూ గీత గీసి రెండు పక్కలా వాలు దించాను. అడుగుకు చేరేసరికి నా స్తంభం గుట్ట అయింది. సరే, గుట్టే ఉండనీ. కానీ అది వేల ఏళ్లు నిలవాలి. మట్టి గుట్టను వాన నాకేస్తుంది. వేళ్లు పట్టుకోవాలి, అంటే ఒక్క ఇప్పచెట్టు చాలదు, చుట్టూ అడవి ఉండాలి. గీత అవతలికి జరిపాను. చెట్లకు నీళ్లు కావాలి, అంటే వాగును కోయరాదు. మళ్లీ జరిపాను. వాగు బతకాలంటే దాని మీది వాలు, దాని మీది అడవి ఉండాలి. ఆ వాలు మీదే కోయగూడెం ఉంది. జరిపాను. ఇవతలి పక్క వాలు మా కాలనీ నీళ్ల ట్యాంకు దగ్గర ఆగింది. ఒక్కటి వదిలితే దాని పక్కది వదలాల్సి వస్తోంది, అది వదిలితే ఇంకొకటి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగేసరికి చూస్తే షీటు మీద అన్న ఉన్నాడు, గుంతకు జాగా లేదు.

మా ఆవిడ టీ తెచ్చి షీటు చూసి, "గుంత ఏది?" అంది.

"పట్టలేదు" అన్నాను.

"మంచిగైంది. నా పెరట్ల మల్లెచెట్టు కూడ లోపలికే వచ్చింది కదా?" అని వేలు పెట్టి చూసుకుంది. వచ్చిందో లేదో నేనూ చూశాను. వచ్చింది.

కథ మళ్లీ రాశాను. గుంతను, గుట్టల్ని చాలా అవతలికి నెట్టేశాను. వచ్చినవాళ్లు నేలంతా కొలుచుకుంటూ వస్తారు. ఎక్కడ చూసినా తలకిందులే. ఉన్నట్టుండి ఒక చోట భూమి సరిగ్గా ఉంటుంది. పైన ఉండాల్సింది పైన, కింద ఉండాల్సింది కింద. వాగు పారుతూ ఉంటుంది. వాళ్ల పెద్దావిడకు మతి పోతుంది. అన్నీ తిరగేసినవాళ్లు ఇక్కడికొచ్చి ఎందుకు ఆగారు? కింద ఏమీ లేకనా? కొలిచి చూస్తుంది. మిగతా చోట్ల తక్కువ పడింది ఇక్కడ కింద నల్లగా నిండుగా ఉంది. ఉండి కూడా ఆగారు! నేల నడిమధ్యలో చెట్టు, చెట్టు కింద బండ, బండ కింద ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి రాజు కాదు, ఒంటి మీద బంగారం లేదు. అప్పుడామె మొదటి రిపోర్టు కొట్టేసి ఇంకొకటి రాస్తుంది. ఈ జాతికి ఆపడం కూడా తెలుసు, ఒక్క మనిషి కోసం ఇంత నేల వదిలారు అని రాస్తుంది. తన కొలత రాయిని తెచ్చి, బండకు దూరంగా, వాగుకు అవతల పాతి, దీని లోపలికి ఎవరూ పోవద్దని చెబుతుంది. ఇన్ని గుంతల మధ్య ఇట్లా వదిలిన నేల నేను ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఇప్పచెట్టు కిందే చదివాను. మా ఆవిడ కూడా వచ్చింది. వదిన బండ పక్కన చాప వేసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. గూడెం ఆడవాళ్లు ఇద్దరు బుట్టలు దించి నిలబడ్డారు. చదవడం అయిపోయింది. నేను మెచ్చుకోలు కోసం చూస్తున్నాను, దాచడమెందుకు.

వదిన కొంగు తీసింది. "ఒక్కడేనా?" అంది.

"ఏంటి వదినా?"

"బండ కింద ఒక్కడే ఉన్నడంటివి. మరి నేను యాడ?"

ఆ వాక్యం ఎక్కడుందో కాగితంలో వెతికాను.

"వాగు ఇడిస్తివి, గూడెం ఇడిస్తివి, నీ పెండ్లాం మల్లెచెట్టుకు కూడ జాగ ఇడిస్తివి. కొండంత ఇడిసినవ్ గదా మరిదీ, నాకు మంచమంత లేదా? వేల ఏండ్లు ఆయన్ని ఒక్కన్నే పండుకోబెడ్తవా? లోపల డ్యూటీ అయితే ఒక్కడే ఉండె. ఇంటికొచ్చినంక ఎన్నడన్న ఒక్కడే ఉన్నడా?"

మా ఆవిడ అటు తిరిగి నిలబడింది. జేబులో పెన్సిల్ ఉంది. ఎప్పుడూ ఉంటుంది. కాగితం బండ అంచు మీద పెట్టి, ఒక్క మనిషి అన్న చోట కొట్టేసి ఇద్దరు అని రాశాను. ఒక్క మనిషి కోసం అన్న చోట కూడా.

"రాసినవా?"

"రాశాను."

"ఎడమ దిక్కు అని రాయి" అంది వదిన, చల్లారిన టీని మూతలోంచి చెట్టు మొదట్లో పోస్తూ. "కుడి చెవి ఇనబడదు ఆయనకు. అటు పక్క పెడ్తే నేనేం మాట్లాడినా తెల్వది."

ఎడమ పక్క అని రాశాను. దిక్కు డిగ్రీలతో సహా వేశాను.